పద్నాలుగు టిక్కులు

నా ఒళ్ళు తగ్గిందని అరకు సంతలో ఉల్లిపాయలమ్మే మనిషికి కూడా తెలుసు. తగ్గాక ఏం మిగిలిందో మాత్రం నాకూ, మా స్నానాలగది తలుపుకీ తప్ప ఎవరికీ తెలియదు. మా ఆయన విల్సన్‌కి కూడా తెలియనివ్వలేదు. పెళ్ళయి పదకొండేళ్ళయింది, అయినా అంత గుట్టు.

నేను ఏఎన్నెమ్‌ని. అరకు నుంచి గంట జీపు, ఆ పైన గంట నడక, ఆరు కొండ ఊళ్ళు నావి. పిల్లలకి సూదులు, కడుపుతో ఉన్నవాళ్ళకి మాత్రలు, పెద్దవాళ్ళకి బీపీ. మూడేళ్ళ క్రితం దాకా నేను నూట పద్దెనిమిది కిలోల మనిషిని. "సిస్టరమ్మ కన్నా ముందు ఆయమ్మ ఆయాసం వత్తాది ఊళ్ళోకి" అని ఆడవాళ్ళు నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని, ఏడిస్తే మాత్రం ఏం ఒరుగుతుంది? షుగరొచ్చి, మోకాళ్ళు మొరాయించాక విశాఖపట్నంలో పొట్ట చిన్నది చేసే ఆపరేషన్ చేయించుకున్నాను. ఏడాదిన్నరలో యాభై కిలోలు పోయాయి. షుగరు మాత్రలు మానేశాను. కొండెక్కుతుంటే మా ఆశా కార్యకర్త బేబి నా వెనకపడి "సిస్టరూ, కాసింత ఆగవే" అని రొప్పేది. దేవుడికి స్తోత్రమని చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం కూడా చెప్పాను.

సాక్ష్యంలో చెప్పనిది ఒకటుంది. కొవ్వు పోతుంది గానీ చర్మం ఎక్కడికి పోతుంది? నా రొమ్ములు సగం ధాన్యం ఒంపేసిన గోనెసంచుల్లాగా బొడ్డు దాకా జారిపోయాయి. పోనీ తేలికయ్యాయా అంటే అదీ లేదు, మెడ లాగేస్తుంది, భుజాల మీద బాడీ పట్టీల గాట్లు పడతాయి. కింద మడతలో చెమట చేరి ఒరిసిపోయి పుండ్లు. కొండ దిగుతుంటే ఊగకుండా ఒక బాడీ మీద ఇంకో బాడీ, దాని మీద బెణికిన కాలికి చుట్టే క్రేప్ బ్యాండేజీ మూడు చుట్లు చుట్టి, పైన మెడ దాకా గుండీలున్న జాకెట్టు వేసుకునేదాన్ని. లావుగా ఉన్నప్పుడు ఒళ్ళంతా ఒకటే సిగ్గు. సన్నబడ్డాక ఆ సిగ్గంతా ఒక్కచోటికి చేరింది.

ఆ ఏడు కార్తీకంలో తేనెపుట్టు వెళ్ళాం, బేబీ నేనూ. ముప్పై దాటిన ఆడవాళ్ళందరికీ బీపీ, షుగరు, రొమ్ము పరీక్ష చేసి ట్యాబులో ఎక్కించాలి. తేనెపుట్టులో అలాంటివాళ్ళు పద్నాలుగు మంది. పద్నాలుగు మందీ సోములమ్మ తోటలో కాఫీ పళ్ళు ఏరుతున్నారు. ఆ ఊళ్ళో కూలి ఉండదు, బదులు పని. ఇవాళ అందరూ నీ తోటలో ఏరితే రేపు నువ్వు వాళ్ళ తోటలో ఏరాలి. ఆ లెక్క ఎవరూ కాగితం మీద రాయరు, ఎవరూ ఎగ్గొట్టరు.

సోములమ్మకి యాభై ఉంటాయి. ఐదుగురిని కన్నది. పాతకాలం మనిషి, రవిక వెయ్యదు, చీరని భుజం మీద ముడేసి కడుతుంది. నోరు మాత్రం మిరియం.

మధ్యాహ్నం అంబలి తాగడానికి అందరూ సోములమ్మ ఇంటి అరుగు దగ్గర చేరినప్పుడు నా ఉపన్యాసం మొదలుపెట్టాను. "ఒక్కొక్కరే లోపలికి రండమ్మా. రొమ్ములు నొక్కి చూడాలి. గడ్డ ఉంటే తొందరగా తెలుస్తుంది. ఇందులో సిగ్గుపడ్డానికేం లేదు."

"మాకేటి సిగ్గు?" అంది సోములమ్మ అంబలి బొచ్చె దించకుండానే. "మావి ఎప్పుడూ గాలికే ఉన్నాయి. నువ్వే మెడ దాకా గుండీలెట్టుకొచ్చినావు. అవునే సిస్టరమ్మా, నీ ఒళ్ళంతా ఏటైపోనాది? కోసీసినారా, కరిగించీసినారా?"

అరుగు అరుగంతా ఘొల్లుమంది.

"ఇదిగో, బదులు మాట సెప్తన్నాను," అని సోములమ్మ నోరు తుడుచుకుంది. "ఇయ్యాల ఈలంతా నా తోటకొచ్చినారు, రేపు నాను ఈల తోటకెల్తాను. ఇదీ అంతే. నువ్వు మావి సూడు, మాకు నీవి సూపించు. అప్పుడు సమానం."

"సూపించు సిస్టరూ, ఎవులున్నారిక్కడ మగోలు!" అని ఇంకెవరో అందుకున్నారు.

ఆ నవ్వులో విషం లేదు. ఆ సంగతి నాకు అప్పుడూ తెలుసు. కానీ గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి దానంతటదే గుండె మీదకి, బ్యాండేజీ దగ్గరికి పోయింది. ఆ లోపలి గదిలో పద్నాలుగు సార్లు, పద్నాలుగు మంది ముందు, వాళ్ళ రొమ్ముల మీద చెయ్యేసి నిలబడితే వాళ్ళ కళ్ళు నా జాకెట్టు మీదే ఉంటాయి. నా వల్ల కాదు.

"సరసాలు చాలు, నాకు జీపు తప్పిపోతుంది," అని అరుగు మీదే కూలబడి ట్యాబు తీశాను. "ఎవరికైనా గడ్డలున్నాయా? నొప్పి? చీము, నెత్తురు ఏమన్నా కారుతోందా?"

"నేదు, నేదు," అన్నారు అందరూ.

టిక్కు పెట్టాను. నార్మల్. నార్మల్. నార్మల్. పద్నాలుగు టిక్కులకి పది నిమిషాలు కూడా పట్టలేదు.

బేబి నా పక్కకి జరిగి చెవిలో అంది, "సిస్టరూ, లోపలికి తీసుకెల్లి సూడాల గదా? ట్రైనింగులో అలాగే సెప్పినారు."

"అడిగాను కదా, లేదన్నారు కదా! నీ పని నువ్వు చూసుకో."

బేబి లేచి సంచీ భుజాన వేసుకుంది. దారి పొడుగునా నాకు ఎడంగా నడిచింది. ముందు రెండు ఊళ్ళలో చేత్తో నొక్కి చూసినదాన్నే నేను. ఈ ఒక్క ఊళ్ళో చూడలేదు. చెప్పేవేమో శ్రీరంగనీతులు.

డిసెంబరులో విశాఖ వెళ్ళాను. పొట్ట ఆపరేషన్ చెకప్పని విల్సన్‌కి అబద్ధం చెప్పి, ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికి. ఆవిడకి నలభై ఉంటాయేమో, గొంతు మెత్తన. జాకెట్టు విప్పమంటే గుండీలు నా చేతికి రాలేదు. ఇరవై ఏళ్ళుగా ఊళ్ళో ఆడవాళ్ళని విప్పించే చెయ్యి ఇది. ఆవిడే కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చుంది, తొందరపెట్టకుండా. బ్యాండేజీ చుట్టలు ఊడొస్తుంటే ఆవిడ మొహం వంక చూడలేకపోయాను. గోడ మీద క్యాలెండరులో వారాలు చదువుకున్నాను.

"ఎంతకాలంగా చుట్టుకుంటున్నారు?"

"ఏడాది పైనే."

"ఒక్కసారి కూడా ఎవరికీ చెప్పలేదా?"

తల అడ్డంగా ఊపాను.

ఆవిడ కాగితం మీద బొమ్మలు గీసి చెప్పింది. బరువు ఏడాదిగా అక్కడే నిలబడింది కాబట్టి ఇప్పుడు చెయ్యొచ్చు. ఉత్తినే పైకి లాగి కుట్టడం ఒకటి. అది జారినవాళ్ళకి చాలు. నాకు బరువు కూడా ఉంది కాబట్టి లోపలిది కొంత తీసేసి, చర్మం కత్తిరించి, చనుమొన పైకి జరిపి కుట్టాలి. మచ్చ మొన చుట్టూ ఒకటి, కిందకి ఒకటి, మడత వెంబడి ఒకటి ఉంటుంది. స్పర్శ తగ్గొచ్చు. ముందు ముందు బిడ్డకి పాలివ్వాలనుకుంటే అదీ ఇబ్బంది కావచ్చు. ఏమీ వద్దనుకుంటే సరైన కొలత బాడీ, మడతల్లో మందు, భుజాలకి వ్యాయామం. "ఏది చేసినా తప్పు లేదు, ఏదీ చెయ్యకపోయినా తప్పు లేదు," అంది. ఆ మాటకే నాకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ నేనేదో దొంగతనం చేసినట్టు దాచుకున్నాను మరి.

"ఆపరేషన్‌కి ముందు గడ్డలేవీ లేవని చూసుకోవాలి," అని ఆవిడ చెయ్యి రుద్దుకుని వెచ్చ చేసుకుంది. మూడువేళ్ళ మెత్తలతో మొదలుపెట్టింది. చిన్న చిన్న సున్నాలు. పైన మెల్లగా, తర్వాత కాస్త నొక్కి, తర్వాత ఇంకాస్త. చంకలోకి వెళ్ళింది. జారిన చర్మాన్ని రెండో చేత్తో పరిచిపెట్టి దాని కింద కూడా వెతికింది. గోడగడియారం నా ఎదురుగానే ఉంది. ఎనిమిది నిమిషాలు. రెండోవైపు ఇంకో ఎనిమిది.

"మీరు నర్సు కదా, ఈ పరీక్ష మీకు కొత్తేం కాదు," అని నవ్వింది.

నాకు తల కొట్టేసినట్టయింది. పద్నాలుగు మందికి పది నిమిషాలు.

జనవరి ఇరవై రెండున ఆపరేషన్‌కి తేదీ ఇచ్చింది. స్కానింగులో ఏమీ లేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఘాటు రోడ్డంతా ఒకటే అనుకున్నాను, రేపే వెళ్ళి చూస్తాను, తేనెపుట్టు. రేపే. రేపు వెళ్ళలేదు. క్రిస్మస్ అన్నాను. పోలియో చుక్కల పని అన్నాను. మొహం చెల్లక అంతే, ఇంకేం కాదు. బేబి కనబడితే రిజిస్టరులో తల దూర్చేదాన్ని.

జనవరి రెండోవారంలో బేబే సెంటర్‌కొచ్చి గుమ్మంలో నిలబడింది. "సిస్టరూ, నీకు ఒంట్లో బాగోకపోతే వేరే సిస్టరుని రమ్మందాము. కానైతే తేనెపుట్టు మాత్రం మల్లీ సూడాల. నాకు నిద్దర పట్టడం నేదు. ఆలు నా ఊరోలు."

"పద," అన్నాను. సంచీ కూడా అప్పుడే సర్దుకున్నాను.

సోములమ్మ ముంగిట్లో కాఫీ ఆరబోసి చీపురుతో తిరగేస్తోంది. నన్ను చూసి "ఇదేటి, ఏలకాని ఏల వచ్చినావు?" అంది.

"రొమ్ము పరీక్ష చెయ్యాలి."

"కార్తీకంలో సేసీసినావు గదా?"

"సరిగ్గా చెయ్యలేదు."

నా మొహం చూసి ఏమనుకుందో, చీపురు పక్కన పెట్టి లోపలికి నడిచింది. బేబి బయటే ఆగింది. నేను తలుపు జేరవేశాను. పెంకుల మధ్య అద్దంపెంకు ఒకటి ఉంది, దానిలోంచి ఎండ నేల మీద పడుతోంది. సోములమ్మ ముడి మీద చెయ్యేసి ఆగింది.

"మరి బదులో?" అంది. నవ్వుతాలుకే అంది. కాదంటే నవ్వి ఊరుకునేది, నాకు తెలుసు.

నేను జాకెట్టు గుండీలు తీశాను. బ్యాండేజీ కొస లాగాను. బ్యాండేజీ వదులై నేల మీద పడుతుంటే సోములమ్మ వంగి ఆ కొసని అందుకుని నూలు చుట్టినట్టు చుట్టుకుంటూ పోయింది. మూడు చుట్లూ అయ్యాయి. రెండు బాడీలూ తీసేశాను. చేతులు అడ్డం పెట్టుకోవాలని ఎంత అనిపించిందో నాకే తెలుసు. పెట్టుకోలేదు.

సోములమ్మ తేరిపార చూసింది. మొహం తిప్పుకోలేదు, అయ్యో అనలేదు. వంగి మడత కింద ఎర్రగా ఒరిసిన చోట చూసింది.

"నొప్పెడతాదా?"

"చెమట పడితే మండుతుంది."

"ఓలమ్మ, దీనికా ఇంత గుడ్డ సుట్టినావు!" అంది. "గాలాడకపోతే మేకకైనా పుండు పడతాది. నావి సూడు, అయిదుగురు లాగీసినారు." అని ముడి విప్పి మంచం మీద పడుకుంది. "కానీ, బేగి సూడు. ఎండుంటాదా, పోతాదా."

చెయ్యి రుద్దుకుని వెచ్చ చేసుకున్నాను. మూడువేళ్ళ మెత్తలు. చిన్న చిన్న సున్నాలు. ఎడమవైపు ఏమీ లేదు. కుడివైపు పైన, చంకకి దగ్గరగా, వేలు ఆగింది. తొక్క తీసిన కాఫీ గింజంత. గట్టిగా. కదలలేదు. వేలు తీసి మళ్ళీ పెట్టాను. మళ్ళీ అక్కడే ఉంది.

"ఏటి?" అంది సోములమ్మ.

"విశాఖ వెళ్ళాలమ్మా. రేపే. నేను తీసుకెళ్తాను."

ఆమె తన వేలు పెట్టి తడుముకుంది. తర్వాత, "కార్తీకంలో ఇలాగ నొక్కనేదు నువ్వు," అంది.

"లేదు."

"నొక్కుంటే అప్పుడే దొరికీదా?"

"ఏమో. తెలీదు."

లేచి చీర కట్టుకుని భుజం మీద ముడి బిగించుకుంది. నా బ్యాండేజీ చుట్ట నా చేతిలో పెట్టింది. ఆ పూట బేబిని పక్కన పెట్టుకుని మిగతా పదమూడు మందినీ చూశాను. ఎవరికీ ఏమీ లేదు. ఎవరూ హాస్యమాడలేదు కూడా.

విశాఖ పెద్దాసుపత్రిలో స్కానింగు, ముక్క పరీక్ష అయ్యాయి. అది చెడ్డ గడ్డే. తీసెయ్యాలన్నారు. డాక్టరు చిన్నవాడు, కాగితం రాసుకుంటూ అడిగాడు, "ఇంతకు ముందెప్పుడైనా ఎవరైనా పరీక్ష చేశారా?"

నేను నోరు తెరిచేలోపే సోములమ్మ అందుకుంది. "ఎందుకు సెయ్యనేదు బాబూ? మా సిస్టరమ్మ కార్తీకంలోనే సూసినాది. ఇలాగ, మూడేల్లెట్టి. అప్పుడు ఏటీ నేదు."

మూడువేళ్ళూ గాలిలో తిప్పి చూపించింది కూడా. నా వంక చూడలేదు. డాక్టరు "అవునా సిస్టర్?" అన్నాడు. కలం కాగితం మీద ఆనించే ఉంది. అవునంటే అయిపోయేది. ట్యాబులో నార్మల్ ఉంది, మనిషే సాక్ష్యం చెప్తోంది.

"చూడలేదు సార్," అన్నాను. "చూడకుండానే రాశాను. పద్నాలుగు మందికీ."

కలం ఆగింది. అతను నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండును. "మూడు నెలల క్రితం చేతికి దొరికేదో లేదో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు," అని మాత్రం అని, రాసుకోవలసింది రాసుకున్నాడు. ఆ మాటని నేను బతికినంతకాలం మొయ్యాలి.

బయట బల్ల మీద సోములమ్మ నా వైపు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నువ్వు నాకు సూపించినావు. నాను నిన్ను కప్పినాను. సమానమైపోనాది. ఎందుకు సెడగొట్టినావు?"

"నువ్వు నా కోసం అబద్ధమాడితే నేనెలా..."

"ఇప్పుడు నాకు తెలిసిపోనాది గదా!" అని అరిచింది. వరండాలో మనుషులు తిరిగి చూశారు. "డాట్రుబాబుకి అబద్దం సెప్తే నాకూ అదే నిజమవుతాదనుకున్నాను. కార్తీకంలో నిజంగా ఏటీ నేదనుకుందునే. ఆ మాత్రం ఉంచకపోనావా నాకు?"

నిజం చెప్పి నా గుండె బరువు దించుకున్నాను, అది తీసుకెళ్ళి ఆమె నెత్తిన పెట్టాను.

అరకులో విల్సన్‌ని ఎదురుగా కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. టిక్కులు, పై ఆఫీసు నుంచి మెమో వస్తుందన్న సంగతి, సర్జను, బ్యాండేజీలు. "తీగ మీంచి ఆ బ్యాండేజీలు రోజూ తీసి మడత పెట్టేది నేనే కదా డాలీ," అన్నాడు. "మోకాళ్ళకనుకున్నాను." నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇద్దరం రెండూ చేశాం.

సోములమ్మ ఆపరేషన్‌కి కూడా జనవరి ఇరవై రెండే పడింది. నా సర్జను ఆసుపత్రికి ఫోను చేసి ఇప్పుడు రాలేనన్నాను. ఎప్పటికి మార్చమంటారని అడిగారు. చెబుతానన్నాను. వద్దనుకోలేదు నేను, నా మెడ నొప్పి నాకుంది, నా పుండ్లు నాకున్నాయి. ఆ రోజు సోములమ్మ ఆపరేషన్ గది బయట నేనుండాలి, అంతే.

ఆపరేషన్ అయింది. కుడి రొమ్ము తీసేశారు. తొమ్మిది రోజులు వార్డులో ఆమె నాతో ఒక్క మాట మాట్లాడలేదు. గంజి ఇస్తే తాగేది, మందు ఇస్తే మింగేది, మొహం గోడకి. బేబి వచ్చిన రోజు మాత్రం ఇద్దరూ గుసగుసలాడుకున్నారు. నేను వెళ్ళగానే ఆపేశారు.

పదోరోజు పొద్దున్న పంపించేస్తామన్నారు. ఆసుపత్రి గౌను తీసేసి తన చీర కట్టుకోవాలి. తెరలు లాగాను. కుచ్చిళ్ళు ఎలాగో దోపుకుంది. ముడి దగ్గర ఆగిపోయింది. కుడిచెయ్యి పైకి లేవదు, ఒక్క ఎడమచేత్తో ముడి పడదు. రెండుసార్లు ప్రయత్నించింది. చెంగు జారి గాయం కట్టు మీద పడింది. మూడోసారి చెంగు నా వైపు విసిరింది.

"కట్టు."

"ఈ భుజానికి కడితే కుట్లు లాగుతాయేమో..."

"ఎడం పక్కకి కట్టు. ముడి కట్టమన్నాను, మాటాడమన్నేదు."

నేను పుట్టి బుద్ధెరిగి ఆ ముడి వేసినదాన్ని కాదు. కొసలు కలిపి బిగించాను, జారిపోయింది. ఆమె ఎడమచేత్తో నా వేళ్ళు పట్టుకుని కొస ఎటునుంచి ఎటు తిప్పాలో చూపించింది. మళ్ళీ కట్టాను. వంగి చూసుకుని, వదులుగా ఉందని లాగేసింది. మూడోసారి మెల్లగా, ఆమె చెప్పినట్టే తిప్పి, లోపల కట్టు ఒరుసుకోకుండా కాస్త గాలాడేలా వదిలి, బిగించాను.

సోములమ్మ ఒకసారి భుజం ఎగరేసి చూసుకుంది. ముడి నిలిచింది. నా సంచీ తీసి నాకే అందించి, నా కన్నా ముందు బస్సు వైపు నడిచింది.